ఇంట్లో రికార్డింగ్ గదికి సౌండ్‌ప్రూఫింగ్: ఏ మెటీరియల్ ఎక్కడ పనికొస్తుంది?

కొత్తగొంతు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక గదిని రికార్డింగ్ కోసం సిద్ధం చేసుకుంటున్నాను. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా 10. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉంది. రోడ్డు వైపు ఒక కిటికీ, హాల్లోకి ఒక తలుపు. ఎక్కువగా ఆడియోబుక్స్ చదువుతాను, అప్పుడప్పుడు పాటలు పాడతాను.

ఫోమ్, రాక్‌వూల్ (రాతి పీచు), జిప్సం బోర్డు, వినైల్ షీట్లు అంటూ అడిగిన ప్రతిచోటా ఒక్కో పేరు చెబుతున్నారు. ఒకరు గోడలన్నిటికీ ఫోమ్ అంటించేయమంటే ఇంకొకరు అది దండగ అంటున్నారు. దేనికి ఖర్చు పెడితే నిజంగా తేడా తెలుస్తుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇటుకగోడ:
మెటీరియల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి. బయటి చప్పుడు మైకులో పడుతోందా? మీ చప్పుడు పక్కవాళ్లకి వినిపిస్తోందా? లేక గదిలోనే గొంతు గింగురుమంటోందా? మొదటి రెండూ శబ్దాన్ని ఆపే పని. మూడోది గది లోపల శబ్దాన్ని పీల్చుకునే పని. ఈ రెండింటికీ వాడే సామాను చాలావరకు వేరు. ఒకదాని కోసం కొన్నది ఒక్కటే రెండోదానికి అక్కరకి రాదు.

కొత్తగొంతు:
రెండు ఇబ్బందులు ఉన్నాయండీ. రోడ్డు మీద బండ్ల హారన్లు, హాల్లో టీవీ మైకులో స్పష్టంగా పడుతున్నాయి. గదిలో చప్పట్లు కొడితే టప్‌మని ఆగకుండా ఝంకారంలా సాగుతోంది. నా గొంతు బయటికి వెళ్లడం పెద్ద సమస్య కాదు. కాకపోతే మా తమ్ముడు బేస్ గిటార్ వాయిస్తాడు, ముందుముందు డ్రమ్స్ కూడా పెడదామంటున్నాడు.

మిక్సింగ్‌రాత్రి:
అయితే ఫోమ్ గురించి ముందే తేల్చేద్దాం. 50 ఎం.ఎం. మందం ఫోమ్ చదరపు మీటరుకి ఒకటిన్నర కిలో కూడా ఉండదు. దాని నిండా గాలి తిరిగే రంధ్రాలే. గాలి ఆడేచోట శబ్దమూ ఆడుతుంది. హారన్‌ని ఫోమ్‌తో ఆపాలనుకోవడం దోమతెర కట్టి వానని ఆపబోయినట్టే. గది లోపలి ఝంకారానికైతే పనిచేస్తుంది, అదీ పై స్థాయి శబ్దాలకే. 25 ఎం.ఎం. ఫోమ్ అయితే 1000 హెర్ట్జ్ (శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత) కింద చాలా తక్కువ పీల్చుకుంటుంది. అలాంటివి నాలుగు గోడలకీ అంటిస్తే గొంతులో మెరుపు పోతుంది, కింది స్వరాల మోత మాత్రం అలాగే ఉంటుంది. విన్నవాళ్లు డబ్బాలో మాట్లాడినట్టుంది అనేది ఇలాంటి రికార్డింగుల గురించే.

గుడ్ల ట్రేల గురించి ఎవరైనా చెబితే అసలు పట్టించుకోకండి. పల్చటి అట్ట, బరువు లేదు, పీల్చుకునే గుణమూ లేదు. పైగా త్వరగా అంటుకుంటుంది.

రాగమాలిక:
మిక్సింగ్‌రాత్రి గారూ, మా సంగీతం క్లాసు గదికి ఫోమ్ పెట్టించాక బయటికి వినిపించేది కాస్త తగ్గింది. అందరం గమనించాం. మరి ఫోమ్ ఆపదంటే ఎలా?

మిక్సింగ్‌రాత్రి:
మీరు గమనించింది నిజమే అక్కా. ఖాళీ గదిలో శబ్దం గోడలకి తగిలి మళ్లీ మళ్లీ తిరుగుతూ పోగవుతుంది. ఫోమ్ పెట్టాక ఆ పోగు తగ్గి, గదిలో మొత్తం స్థాయి కొన్ని డెసిబెల్స్ దిగుతుంది. లోపల తగ్గింది కాబట్టి బయటికి వెళ్లేదీ అంతే తగ్గింది. గోడ గుండా దాటే శాతంలో మార్పేమీ లేదు. బయటి నుంచి వచ్చే హారన్‌కి కూడా ఆ కొద్దిపాటి లాభమే ఉంటుంది, అంతకుమించి రాదు.

ఇటుకగోడ:
ఇప్పుడు ఆపడం గురించి. దీనికి మొదటి సూత్రం బరువు. ఒకే పొరగా ఉన్న గోడ బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ అదనంగా ఆగుతుంది, ఆచరణలో ఇంకాస్త తక్కువ. మీ ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల గోడ చదరపు మీటరుకి 400 కిలోల పైనే ఉంటుంది. దాని మీద చదరపు మీటరుకి 5 కిలోలుండే వినైల్ షీటు అంటిస్తే ఎంత పెరుగుతుంది? డెసిబెల్‌లో పదో వంతు. చెవికి తెలియనే తెలియదు. అదే షీటు పల్చటి చెక్క తలుపు మీదో, ఏసీ డక్టు చుట్టూనో వేస్తే ఉపయోగం కనిపిస్తుంది. అమ్మేవాళ్లు ఏ గోడకైనా అదే షీటు చూపిస్తారు, కాబట్టి జాగ్రత్త.

నా మాట ఒక్కటే. మీ గోడలు ఇప్పటికే బలమైనవి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లకండి. శబ్దం వచ్చేది తలుపు నుంచి, కిటికీ నుంచి. ఖర్చు అక్కడ పెట్టండి.

సైట్‌ఇంజనీర్:
ఇటుకగోడ గారితో ఏకీభవిస్తాను. తలుపు లెక్క ఒకసారి చూడండి. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపు కింద అర అంగుళం సందు ఉందనుకుందాం. విస్తీర్ణంలో అది అర శాతం కంటే కొంచెం ఎక్కువ, అంతే. కానీ ఆ సందు ఉన్నంతకాలం తలుపు ఎంత బరువుదైనా మొత్తం మీద 22, 23 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఆపలేదు. ఒక శాతం సందు ఉంటే 20 దగ్గరే ఆగిపోతుంది, శాతంలో పదో వంతుకి తగ్గిస్తే 30 దాకా వెళ్లొచ్చు. ఇది సీసపు తలుపుకైనా వర్తిస్తుంది.

రాత్రి గదిలో లైటు ఆర్పి, హాల్లో లైటు వేసి, తలుపు మూసి లోపల నిలబడండి. ఎక్కడెక్కడ వెలుతురు గీత కనిపిస్తుందో అదంతా శబ్దం దారి. కింద ఎలాగూ కనిపిస్తుంది. తాళం రంధ్రం, బందుల పక్కన, ఫ్రేముకీ గోడకీ మధ్య కూడా చూడండి. ఫ్రేము చుట్టూ ఉన్న సందు మీద చాలాసార్లు బీడింగ్ కొట్టి వదిలేస్తారు, లోపల బోలుగా ఉంటుంది. బీడింగ్ తీసి ఆ సందులో ఎప్పటికీ గట్టిపడని అకౌస్టిక్ సీలెంట్ నింపాలి. మామూలు పుట్టీ ఎండి పగులుతుంది, పగులులోంచి మళ్లీ శబ్దం.

కొత్తగొంతు:
మా తలుపు కొడితే డొల్లగా మోగుతుంది. మారిస్తే మంచిదా? దాని మీదే ఏదైనా వేయొచ్చా?

సైట్‌ఇంజనీర్:
డొల్ల తలుపైతే మార్చేయండి. లోపల నిండుగా ఉన్న ఫ్లష్ డోర్, కనీసం 40 ఎం.ఎం. మందం ఉన్నది పెట్టించండి. ఫ్రేముకి మూడు వైపులా మెత్తటి రబ్బరు గాస్కెట్ వేయించాలి. తలుపు మూసినప్పుడు రబ్బరు కొద్దిగా నలగాలి, ఊరికే తగిలితే చాలదు. చిన్న కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదని అర్థం. కింద భాగానికి రెండు దారులున్నాయి. చిన్న గడప కట్టించి దానికి రబ్బరు ఆనేలా చేయొచ్చు. గడప వద్దనుకుంటే, తలుపు మూయగానే కిందికి దిగి నేలకి ఆనే సీలు బిగించొచ్చు. తలుపు బరువు పెరుగుతుంది కాబట్టి బందులు కూడా గట్టివి, ఒకటి అదనంగా.

అంతకన్నా ఎక్కువ కావాలంటే ఒకే తలుపుని ఇంకా లావు చేయడం కంటే, గోడ మందంలో అటొకటి ఇటొకటి రెండు తలుపులు పెట్టడం చాలా మేలు. మధ్యలో ఉండే గాలి ఖాళీ చేసే పని బరువుతో సాధించడం కష్టం.

పాతమైకు:
కిటికీ గురించి నేను రాస్తాను. పక్కకి జరిగే స్లైడింగ్ కిటికీ అయితే దాన్ని సీల్ చేయడం దాదాపు అసాధ్యం. ఉన్నదాన్ని అలాగే ఉంచి, గోడ లోపలి అంచు దగ్గర రెండో గాజు బిగించండి. రెండింటి మధ్య 100 ఎం.ఎం. ఖాళీ ఉంటే మంచిది. మీ గోడ మందానికి అది సులువే. బజారులో దొరికే డబుల్ గ్లేజింగ్‌లో రెండు గాజుల మధ్య 12 ఎం.ఎం. ఖాళీయే ఉంటుంది. అది వేడి, చలి ఆపడానికి చేసింది. రోడ్డు మోతకి దాన్ని నమ్ముకోకండి.

గాజు మందం రెండూ ఒకటే కాకుండా చూసుకోండి. ప్రతి గాజుకీ ఒక బలహీనమైన చోటు ఉంటుంది. 6 ఎం.ఎం. గాజుకి అది 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల, 10 ఎం.ఎం. గాజుకి 1200 దగ్గర. రెండూ ఒకే మందమైతే రెండూ ఒకే చోట శబ్దాన్ని వదిలేస్తాయి. మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు అయితే ఆ బలహీనత బాగా తగ్గుతుంది. లోపలి గాజుకి అదే వాడండి.

వెలుతురు అక్కర్లేని గది అయితే ఇంకా తేలిక దారి ఉంది. కిటికీ గూడుకి సరిపడా 18 ఎం.ఎం. ప్లైవుడ్ చెక్క కోయించి, అంచుల చుట్టూ రబ్బరు అంటించి, రికార్డింగ్ వేళ బిగించి, అయ్యాక తీసేయడం. తీసే వీలుండటం ముఖ్యం. అత్యవసరంలో ఆ కిటికీయే దారి కావచ్చు.

కొత్తగొంతు:
ఇదంతా చాలా ఉపయోగంగా ఉంది. ఒక అనుమానం. ఇంటీరియర్ పని చేసే ఆయన గోడకి అంగుళం చెక్క పట్టీలు కొట్టి దాని మీద జిప్సం బోర్డు వేస్తే మొత్తం సౌండ్‌ప్రూఫ్ అయిపోతుందంటున్నారు. గోడల జోలికి వెళ్లొద్దని మీరంటున్నారు. ఆ పద్ధతి మంచిదేనా?

ఇటుకగోడ:
వద్దండీ. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

బరువైన గోడ, దాని ముందు గాలి, ఆ ముందు ఒక బోర్డు. ఈ అమరికలో గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, బోర్డు ఆ స్ప్రింగు మీద ఊగుతుంది. అలా సహజంగా ఊగే ఒక ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఆ చోట శబ్దం ఆగడం మాట అటుంచి, బోర్డు లేనప్పటికంటే ఎక్కువ దాటుతుంది. దానికి పైన, సుమారు ఒకటిన్నర రెట్ల నుంచి లాభం మొదలవుతుంది.

లెక్క సులువే. బోర్డు బరువుని చదరపు మీటరుకి కిలోల్లో తీసుకుని, ఖాళీని మీటర్లలో పెట్టి గుణించండి. వర్గమూలం తీసి, 60ని దానితో భాగించండి. 12.5 ఎం.ఎం. జిప్సం బోర్డు సుమారు 9 కిలోలు, అంగుళం ఖాళీ అంటే 0.025 మీటర్లు. వచ్చేది 125 హెర్ట్జ్ చుట్టూ. మగ గొంతు అడుగు స్వరం, బస్సు ఇంజను మోత, మీ తమ్ముడి బేస్ గిటార్ అన్నీ ఆ చుట్టుపక్కలే. అంటే ఖర్చు పెట్టి మరీ ఆ భాగాన్ని పెంచుకున్నట్టు.

అదే రెండు పొరల బోర్డు వేసి, గోడకి 100 ఎం.ఎం. దూరంలో, గోడని ఎక్కడా ముట్టుకోని ఫ్రేము మీద నిలబెడితే 45 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. లోపల మెత్తటి రాక్‌వూల్ వదులుగా నింపితే ఇంకా మెరుగు. చేస్తే ఇలా చేయాలి, లేదంటే మానేయాలి. చెక్క పట్టీ గోడకి మేకుతో కొట్టేస్తే ఆ పట్టీ గుండానే కంపనం నేరుగా దాటిపోతుంది.

మిక్సింగ్‌రాత్రి:
దీనికి ఒక్కటి కలుపుతాను. రెండు బోర్డుల మధ్య పూసే డాంపింగ్ జిగురు ఉంటుంది, గ్రీన్ గ్లూ లాంటిది. అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. బోర్డులు వంగినప్పుడు ఆ కదలికని కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది. ఒకే పొర బోర్డు ఉన్నచోట దీనితో పని లేదు, రెండు గట్టి పొరల మధ్యే పనిచేస్తుంది. రెండో పొర వేసేటప్పుడు కింది బోర్డు జాయింట్ల మీద పై బోర్డు జాయింట్లు పడకుండా జరిపి వేయించండి.

బేస్‌తీగ:
డ్రమ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా రిహార్సల్ గది కట్టిన కాంట్రాక్టరు షీటు మీద ఎస్.టి.సి. నంబరు (శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే రేటింగు) చూపించి ఇంత ఆపుతుంది అన్నాడు. గొంతు బాగానే ఆగింది. కిక్ డ్రమ్ మాత్రం కింది అంతస్తులో గుండెకి తగిలేది.

సైట్‌ఇంజనీర్:
ఎస్.టి.సి. లెక్కలోకి తీసుకునేది 125 నుంచి 4000 హెర్ట్జ్ వరకే. బేస్ గిటార్ అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. కిక్ డ్రమ్ బలమంతా 100 కిందే. ఆ నంబరు వీటి గురించి ఏమీ చెప్పదు. అందుకే నంబరుతో పాటు ప్రతి ఫ్రీక్వెన్సీకి ఎంత ఆగిందో చూపే పట్టిక అడగాలి. టెస్టు రిపోర్టు ఉంటే అందులో తప్పకుండా ఉంటుంది. ఎన్.ఆర్.సి. అని రాసి ఉంటే అది పీల్చుకునే గుణం. 250, 500, 1000, 2000 హెర్ట్జ్‌ల సగటు. ఆపడానికీ దానికీ సంబంధం లేదు. 0.95 అని పెద్దగా రాసి ఉన్న ప్యానెల్ పక్కింటి శబ్దాన్ని ఏమీ ఆపదు.

డ్రమ్స్ విషయంలో గాలిలో వచ్చే శబ్దం సగమే. పెడల్ దెబ్బ నేలలోకి దిగి, స్లాబు గుండా గోడల్లోకి పాకుతుంది. దాన్ని ఆపాలంటే డ్రమ్స్ కింద రబ్బరు ప్యాడ్ల మీద తేలే వేదిక కావాలి. పూర్తిగా ఆపాలంటే గదిలో ఇంకో గది కట్టినట్టే. నేల, గోడలు, పైకప్పు ఏదీ పాతదాన్ని ముట్టుకోకూడదు. ఆ పనిలోకి దిగేముందు బరువు లెక్క చూసుకోండి. మీ గది పైకప్పుకి రెండు పొరల జిప్సం బోర్డు వేస్తే ఫ్రేము కాకుండానే దాదాపు 200 కిలోలు. స్లాబు మీద, గోడల మీద ఎంత పడుతుందో స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా చేయొద్దు. ఇది మాట వరసకి అనడం లేదు.

కొత్తగొంతు:
తమ్ముడికి చెప్పేశాను, డ్రమ్స్ ఎలక్ట్రానిక్ కిట్‌తో సరిపెట్టుకోమని. బేస్ గిటార్ కూడా ఆంప్ లేకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే కంప్యూటర్‌కి కలిపే పెట్టెలోకి.

సైట్‌ఇంజనీర్:
మంచి నిర్ణయం. ఎలక్ట్రానిక్ కిట్‌లో కూడా పెడల్ దెబ్బ నేలలోకి వెళ్తుంది. దాని కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయించండి.

రాగమాలిక:
మంటల గురించి ఒక్క మాట చెప్పకపోతే మనసొప్పదు. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ది స్టేషన్ అనే నైట్‌క్లబ్ తగలబడి 100 మంది చనిపోయారు. వేదిక మీద కాల్చిన బాణసంచా నిప్పురవ్వలు, శబ్దం తగ్గించడానికి గోడలకి అంటించిన ఫోమ్‌ని అంటుకున్నాయి. క్షణాల్లో హాలంతా పొగ కమ్ముకుంది. పిల్లలు వచ్చే గదులకి, వైర్లు, దీపాలు ఉండే గదులకి పేరు లేని ఫోమ్ కొనకండి. మంటలకి తట్టుకుంటుందని టెస్టు కాగితం చూపించినదే తీసుకోండి. రాక్‌వూల్ అయితే రాయిని కరిగించి తీసిన పీచు, మంట అంటుకోదు. నాకు అందుకే అదంటే నమ్మకం.

మిక్సింగ్‌రాత్రి:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. గది లోపలి పనికి నా ఓటు కూడా రాక్‌వూల్‌కే. ఘనపు మీటరుకి 50, 60 కిలోల సాంద్రత ఉన్న పలకలు, 100 ఎం.ఎం. మందం. చెక్క ఫ్రేములో పెట్టి, నోటితో ఊదితే గాలి అవతలికి వెళ్లే గుడ్డ చుట్టండి. గాలి ఆడని రెక్సిన్ లాంటిది చుడితే పై శబ్దాలు దానికి తగిలి వెనక్కి వచ్చేస్తాయి. గోడకి ఆనించకుండా మూడు, నాలుగు అంగుళాలు ఎడంగా తగిలిస్తే అదే పలక ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పొడవు తరంగాన్ని అంగుళం ఫోమ్ ఏం పట్టుకోగలదు? అందుకే గది మూలల్లో నేల నుంచి పైదాకా మందపాటి రాక్‌వూల్ పెట్టండి. కింది స్వరాలు పోగయ్యేది మూలల్లోనే.

మీ గదిలో ఇంకో సంగతి ఉంది. వెడల్పు 10, ఎత్తు 10. రెండు దిక్కుల్లోనూ 56 హెర్ట్జ్ దగ్గర ఒకే మోత పుడుతుంది. అవి ఒకదానికొకటి తోడై ఉబ్బుతాయి. మాటలకి పెద్దగా ఇబ్బంది లేదు. మిక్సింగ్ కూడా అక్కడే చేస్తారంటే పైకప్పుకి రాక్‌వూల్ పలకలు వేలాడదీయడం మేలు.

కోసేటప్పుడు పీచు రేగుతుంది. మాస్కు, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు తప్పనిసరి.

కొత్తగొంతు:
అన్నీ మూసేస్తే గాలి సంగతేమిటి? ఇప్పటికే ఫ్యాను ఆపి చదువుతుంటే ఊపిరాడనట్టుంటోంది.

పాతమైకు:
మంచి ప్రశ్న. బాగా సీల్ చేసిన గదిలో తలుపు మూసుకుని గంటల తరబడి పాడితే గాలి బరువెక్కుతుంది, తలనొప్పి వస్తుంది. గాలి లోపలికి, బయటికి వెళ్లే దారులు రెండు కావాలి. ఆ రెండూ నేరుగా రంధ్రాలు కాకుండా, లోపల మలుపులు తిరిగే చెక్క పెట్టెల గుండా వెళ్లాలి. పెట్టె లోపలి గోడలకి రాక్‌వూల్ అంటించి గుడ్డ కప్పాలి. గాలి మలుపు తిరిగి వెళ్తుంది, శబ్దం ప్రతి మలుపులో కొంత అరిగిపోతుంది. పెట్టెలో దారి వెడల్పుగా ఉంటే గాలి నెమ్మదిగా కదులుతుంది, అప్పుడు గాలి చప్పుడు కూడా మైకులో పడదు. ఫ్యాను గదికి దూరంగా, అవతలి చివర పెట్టండి.

బేస్‌తీగ:
ఇవన్నీ అయ్యేలోపు ఖర్చు లేని పని ఒకటుంది. మైకు నోటికి అడుగు దూరంలో ఉంటే అర అడుగుకి తీసుకురండి. గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, హారన్ పెరగదు. కార్డియాయిడ్ మైకు వీపు వైపు నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకుంటుంది, కాబట్టి మైకు వీపుని కిటికీ వైపు తిప్పండి. మైకు ముందు వైపు, అంటే మీ వెనక, మందపాటి దుప్పట్లు రెండు మడతలుగా వేలాడదీయండి. గొంతు దగ్గరై ఊపిరి చప్పుడు పడితే పాప్ ఫిల్టర్ (మైకు ముందు ఉంచే పల్చటి తెర) పెట్టుకోవచ్చు.

కొత్తగొంతు:
ముందు తలుపు, తర్వాత కిటికీ, ఆ తర్వాత రాక్‌వూల్ పలకలు. గోడలు అలాగే. ఒక్కో పని అయ్యాక నిజంగా ఎంత తగ్గిందో ఎలా కొలుచుకోవాలి? ఫోన్‌లో డెసిబెల్ యాప్ నమ్మొచ్చా?

సైట్‌ఇంజనీర్:
ఫోన్ యాప్ చూపే అంకె సరిగ్గా ఉండకపోవచ్చు. కానీ ముందు ఎంత, తర్వాత ఎంత అనే తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. అంతకన్నా మీ సొంత మైకు మంచిది. హాల్లో స్పీకరు ఒకే చోట పెట్టి, పింక్ నాయిస్ (కింది నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) ఒకే వాల్యూమ్‌లో వేయండి. గదిలో మైకు నేల మీద గుర్తు పెట్టిన చోటే ఉంచి, ఇంటర్‌ఫేస్ మీద మైకు స్థాయి పెంచే గెయిన్ నాబ్ కదపకుండా రికార్డు చేయండి. నాబ్ పక్కన టేపు మీద గీత పెట్టుకోండి, లేకపోతే తర్వాతిసారి గుర్తుండదు. ప్రతి పని అయ్యాక అదే మళ్లీ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీల వారీగా పక్కపక్కన పెట్టి చూడండి. తలుపు సీలు సరిగ్గా పడితే పై ఫ్రీక్వెన్సీల శబ్దం ముందుగా తగ్గుతుంది. అది తగ్గకుండా అలాగే ఉంటే ఇంకా ఎక్కడో సందు మిగిలిందని అర్థం. స్విచ్ బోర్డు వెనక పైపు రంధ్రం చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

కొత్తగొంతు:
స్విచ్ బోర్డు గోడకి అవతల హాల్లో కూడా ఒకటి సరిగ్గా అదే చోట ఉంది. రేపే కరెంటు ఆపించి విప్పి చూపిస్తాను.

సైట్‌ఇంజనీర్:
అయితే రెండు పెట్టెలకీ మధ్య గోడ లేకపోవచ్చు, పల్చటి సిమెంటు పొర మాత్రమే ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఒకదాన్ని అడుగు పక్కకి జరిపించి, పాత గూడుని ఇటుక ముక్కలు, సిమెంటుతో నిండుగా పూడ్పించండి. పైపులోంచి వైర్లు వచ్చే నోటి దగ్గర మంటలకి తట్టుకునే సీలెంట్ పెట్టమనండి. మామూలు ఫోమ్ స్ప్రే అక్కడ వద్దు.